జర్మన్‌ని బట్టీ కొట్టకండి బాబూ, తాత్పర్యం చెప్పండి!

మొన్న శనివారం హైదరాబాదు నుంచి మా పాత ఆఫీసు మిత్రుడొకడు ఫోన్ చేశాడు. "ఒరేయ్, వచ్చే నెల గోథె బీ1 పరీక్ష రాస్తున్నా. నీ దగ్గర ఆ లెటర్ల పీడీఎఫ్ ఉందిగా? యాభై లెటర్లు బట్టీ కొడితే రైటింగ్ గ్యారంటీ అంటారే, అది పంపు" అన్నాడు.

ఉంది. పాత లాప్‌టాప్‌లో ఇంకా భద్రంగానే ఉంది. "పంపను రా" అన్నాను. వాడికి ఒళ్ళు మండింది. "నువ్వు దాంతోనే పాసై వెళ్ళిపోయి, ఇప్పుడు నాకు నీతులు చెబుతున్నావా" అని ఫోన్ పెట్టేశాడు.

వాడన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను దాంతోనే పాసయ్యాను. అందుకే పంపలేదు. ఫోన్‌లో వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా. కోచింగ్ సెంటర్లని తిట్టబోతున్నాను, మనల్ని కూడా తిట్టబోతున్నాను, కాబట్టి కాఫీ తెచ్చుకుని కూర్చోండి. జర్మన్ మాటల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నా, ఉచ్చారణ కాస్త అటూ ఇటూ అయితే సర్దుకుపోండి.

ముందు ఈ గోలంతా ఎందుకో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జర్మనీలో బ్లూకార్డు మీద పనిచేసేవాళ్ళకి 2023 నవంబరులో నిబంధనలు మారాయి. ఏ1 స్థాయి జర్మన్ వస్తే 27 నెలలకి, బీ1 వస్తే 21 నెలలకి శాశ్వత నివాసానికి అర్హత (పెన్షన్ చందా వగైరా షరతులు మామూలే). పౌరసత్వానికీ బీ1 కావాలి. అంటే బీ1 కాగితం విలువ ఆర్నెల్లు. మనం లెక్కల్లో గట్టివాళ్ళం కదా, వెంటనే లెక్క తేల్చేశాం. ఆఫీసులో అంతా ఇంగ్లీషే, భాషతో పనేముంది, కాగితం ఉంటే చాలు. మరి కాగితానికి దగ్గరదారి ఏది? బట్టీ!

నేనూ ఆ దారినే వెళ్ళాను. 2022లో చేరిన కోచింగ్ సెంటర్లో (పేరు వద్దులెండి) మాస్టారు మొదటిరోజే తేల్చి చెప్పేశారు. "గ్రామరూ గీమరూ తర్వాత చూద్దాం. ముందు ఈ లెటర్లు నోటికి రావాలి." పిలుపు లెటరు, రాలేనని లెటరు, క్షమాపణ లెటరు, ఫిర్యాదు లెటరు. క్యాబ్‌లో, క్యాంటీన్‌లో, బిల్డ్ నడుస్తున్నంతసేపూ అవే వల్లె వేశాను. చిన్నప్పుడు ఎక్కాలు కూడా అంత శ్రద్ధగా చదవలేదు.

డిసెంబరులో పరీక్ష. మొదటి ప్రశ్న: నువ్వు కొత్తగా ఒక కోర్సులో చేరావు, అది ఎలా ఉందో, ఎందుకు చేరావో స్నేహితుడికి రాసి, వాణ్ణి కూడా రమ్మను. నా బుర్రలో ఉన్నదేమో "పార్టీకి పిలిచినందుకు థాంక్స్, జ్వరంగా ఉంది, రాలేను". ఏం చేశానంటారా? సాఫ్ట్‌వేర్ వాడు ఏం చేస్తాడు, ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టాను. పార్టీ ఉన్న చోటల్లా కోర్సు పెట్టాను. మొత్తం మీద ఆ ఉత్తరం చదివినవాడికి అర్థమయ్యేది ఇదీ: "కోర్సుకి పిలిచినందుకు థాంక్స్, నాకు జ్వరం, నువ్వూ రా!" :) నూటికి 52 వచ్చాయి. 60 కావాలి.

2023 మార్చిలో ఆ ఒక్క మాడ్యూలూ మళ్ళీ రాశాను (నాలుగూ విడివిడిగా రాసుకోవచ్చు, అదొక్కటే ఊరట). ఈసారి అదృష్టం తలుపు తట్టింది. బట్టీ కొట్టిన ఉత్తరానికి దగ్గరగా ఉండే ప్రశ్నే వచ్చింది. 78! మిత్రులందరికీ బిర్యానీ పెట్టించి, ఆగస్టులో విమానం ఎక్కేశాను.

ఇప్పుడు అసలు కథ. 2024 జనవరి. "ఇంత చలిలో ఎందుకమ్మా, వేసవిలో రండి" అంటే వినకుండా, సంక్రాంతికి కొడుకు దగ్గర ఉండాలని అమ్మా నాన్నా వచ్చారు. కనుమ రోజు రాత్రి ఇంట్లో హీటింగ్ ఆగిపోయింది. బయట మైనస్‌లో ఉంది. అమ్మ రెండు స్వెట్టర్లు వేసుకుని, దుప్పటి కప్పుకుని కూడా వణుకుతోంది. నాన్న మాట్లాడకుండా చేతులు రుద్దుకుంటూ కూర్చున్నారు. ఇంటి నిర్వహణ వాళ్ళ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేశాను. అవతలాయనకి జర్మన్ తప్ప రాదు. సరే, మనకి బీ1 ఉందిగా! ఫిర్యాదు లెటర్లో మొదటి వాక్యం గడగడా వచ్చేసింది, "ఫలానా విషయమై ఫిర్యాదు చేయదలిచాను" అని, ఎంతో మర్యాదగా.

"వాస్ ఇస్ట్ కపుట్?" అన్నాడాయన. ఏది పాడైందండీ అని.

అంతే. అక్కడ ఆగిపోయాను. గోడకి ఉన్న ఆ ఇనప వస్తువుని జర్మన్‌లో ఏమంటారో నాకు తెలీదు. "మొమెంట్, మొమెంట్" అంటూ ఫోన్‌లో డిక్షనరీ తెరవబోయాను, ఉన్న కాల్ కట్టయింది. రెండోసారి చేసినా అదే కథ.

కింది అంతస్తులో మా కొలీగ్ వాళ్ళుంటారు. ఆయన ఊళ్ళో లేడు. వదిన అప్పటికి ఏ2 క్లాసులకి వెళ్తోంది, ఇంకా ఏ పరీక్షా రాయలేదు. పైకొచ్చి, నా చేతిలో ఫోన్ తీసుకుని ఇలా అంది: "దాస్ డింగ్ ఉంటర్ డేమ్ ఫెన్‌స్టర్ ఇస్ట్ కాల్ట్. గాంత్స్ కాల్ట్. హియర్ జిండ్ ఆల్టె లొయ్‌టె." కిటికీ కింద ఉండే వస్తువు చల్లగా ఉంది. పూర్తిగా చల్లగా ఉంది. ఇక్కడ పెద్దవాళ్ళున్నారు. గంటన్నరలో మనిషి వచ్చి బాగుచేసి వెళ్ళాడు.

ఆమె వాడిన మాటల్లో నాకు తెలియని మాట ఒక్కటి కూడా లేదు. అన్నీ ఏ1 మాటలే. ఆ రాత్రి అమ్మ అంది, "నీకన్నా ఆ అమ్మాయే నయం రా. పేరు తెలీకపోతేనేం, ఎక్కడుంటుందో చెప్పింది."

ఈ టపా మొత్తానికి సారాంశం అమ్మ అన్న ఆ మాటే. ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు. కానీ నాకు ఇంకా కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నా.

పరీక్ష అడిగేది ఒకటి, మనం చదివేది ఒకటి

వదిన చేసిన పనికి జర్మన్‌లో పేరుంది: ఉమ్‌ష్రైబుంగ్. తెలిసిన మాటలతో చుట్టూ తిరిగి చెప్పడం. ఇంగ్లీషులో పారాఫ్రేజ్ అంటాం. ఇది గతిలేనివాళ్ళ తిప్పలు అనుకుంటాం మనం. కాదండీ. ఈ ఏ1, బీ1 స్థాయిలన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి? యూరప్ కౌన్సిల్ 2001లో వేసిన భాషా ప్రమాణాల పుస్తకంలోంచి. మాట గుర్తు రానప్పుడు ఆ వస్తువు లక్షణాలు చెప్పి పని జరుపుకోగలగడం బీ1 వాడి లక్షణమని అందులోనే ఉంది. మాట లోటునీ, వాక్యనిర్మాణం లోటునీ రెంటినీ అలా పూడ్చుకోగలిగితే బీ2. అంటే ఆ రాత్రి బీ1 పని చేసింది వదిన. బీ1 సర్టిఫికెట్ ఉన్నదేమో నా దగ్గర!

పరీక్ష కూడా ఆద్యంతం దీని మీదే నడుస్తుంది. రీడింగ్ చూడండి. పాఠంలో ఒకాయన ఇలా అంటాడనుకోండి: "ఒకప్పుడు రోజూ కారులోనే ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. ఇంటి దగ్గరికి ట్రామ్ వచ్చాక కారు ఎక్కువగా గరాజ్‌లోనే ఉంటోంది." కింద ప్రశ్న: "ఇతను ఇప్పుడు కారు తక్కువగా వాడతాడు, రిష్టిషా, ఫాల్షా?" తక్కువ అన్న మాట పాఠంలో ఎక్కడా లేదు. పాఠంలో ఉన్న "రోజూ కారులోనే" అన్న ముక్కని అలాగే దించి తప్పు జవాబులో పెడతారు. మాటలు వెతుక్కునేవాడు ఠక్కున దాని మీద పడతాడు. భావం పట్టుకున్నవాడు బయటపడతాడు. ఇంకో భాగంలో ఓ ఏడుగురు ఏదో నిషేధం గురించి అభిప్రాయాలు రాస్తారు, ఎవరు అనుకూలమో ఎవరు వ్యతిరేకమో చెప్పాలి. "నేను వ్యతిరేకిని" అని సూటిగా ఎవరూ రాయరు. "ఇంకేం, రేపు ఊపిరి పీల్చడానికీ పర్మిషన్ అడుగుదాం" తరహాలో రాస్తారు. లిజనింగ్‌లో కూడా ఇదే కథ, పైగా కొన్ని భాగాలు ఒక్కసారే వినిపిస్తారు.

రైటింగ్‌కి మార్కులు నాలుగు రకాలుగా వేస్తారు: అడిగింది రాశావా, వరసగా అతికిందా, మాటలు, వాక్యాలు. మొదటిదాంట్లో సున్నా వస్తే ఆ ప్రశ్న మొత్తానికీ సున్నాయే. ఎంత అందమైన బట్టీ వాక్యమైనా గంగలో కలిసినట్టే. ఇక స్పీకింగ్‌లో చిన్న ప్రసంగం ఉంటుంది, దాన్ని అందరూ బట్టీ కొట్టే వెళ్తారు. కానీ అవగానే పక్కన కూర్చున్నవాళ్ళు ప్రశ్న వేస్తారు. ప్రశ్నకి బట్టీ ఎక్కడుంది? నేనైతే ప్రసంగంలో మూడో వాక్యం మళ్ళీ అప్పజెప్పాను. ఆవిడ పాపం నవ్వు ఆపుకుంది.

గోథె వాళ్ళు బీ1కి ఇచ్చే పదాల జాబితాలో దాదాపు 2400 మాటలుంటాయి. అవన్నీ వచ్చినా బతుకులో 2401వ మాట రేపు పొద్దున్నే తలుపు కొడుతుంది. అప్పుడేం చేస్తారన్నదే బీ1.

ఇది మనకి కొత్త విద్యా?

ఇక్కడే నాకు అసలు కడుపుమంట. స్కూల్లో పద్యం కింద ఏం రాసేవాళ్ళం? ప్రతిపదార్థం, తాత్పర్యం. తాత్పర్యం అంటే ఏంటి? పద్యంలో ఉన్న భావాన్ని, పద్యంలో లేని మాటలతో, ఎవరికైనా అర్థమయ్యేట్టు చెప్పడం. పారాఫ్రేజ్ అంటే ఇదే కదండీ! మరి మనమేం చేశాం? తాత్పర్యాన్ని కూడా గైడులోంచి బట్టీ కొట్టాం. "సొంతవాక్యాలు రాయుము" అంటే సొంతవాక్యం కూడా గైడులోదే. ఒక్క కామా మారితే మార్కు పోతుందేమోనని భయం. ఇంటర్‌లో కెమిస్ట్రీ అలాగే, ఇంజనీరింగ్‌లో ముందురోజు రాత్రి ఆల్-ఇన్-వన్ అలాగే. ఆ అలవాటునే ఇప్పుడు సూట్‌కేసులో సర్దుకుని ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతున్నాం. కోచింగ్ సెంటరు వాళ్ళు చేస్తున్నదల్లా మనకి అలవాటైన సరుకునే మనకి అమ్మడం.

అదే మా అమ్మమ్మని చూడండి. ఏదైనా మాట గుర్తు రాకపోతే ఆగదు. "అదేరా, గోడకి కొట్టి బట్టలు తగిలిస్తామే, అది" అంటుంది. మనం మేకు తెచ్చిస్తాం. పని అయిపోతుంది. పుట్టినప్పట్నుంచీ తెలిసిన విద్యని పరీక్షల కోసం మర్చిపోయి, ఇప్పుడు మళ్ళీ పరీక్ష కోసం నేర్చుకోవాల్సి వస్తోంది. హతవిధీ!

ఇంగ్లీషు పక్కన పెట్టి తెలుగులోంచి వెళ్ళండి

ఇప్పుడు పనికొచ్చే సంగతులు. మనం జర్మన్‌ని ఇంగ్లీషులోంచి నేర్చుకుంటాం, ఎందుకంటే పుస్తకాలు అలా ఉంటాయి కనుక. చాలా చోట్ల తెలుగే దగ్గరదారి. నాకు పనికొచ్చినవి ఇవీ:

1. పేరు తెలియకపోతే పని చెప్పండి. వాక్యూమ్ క్లీనర్‌ని ష్టౌబ్‌జౌగర్ అంటారు. గుర్తు రాలేదు. "దాస్ గెరేట్, మిట్ డేమ్ మన్ డేన్ బోడెన్ జౌబర్ మఖ్ట్" అనండి. నేల శుభ్రం చేసే పరికరం. గెరేట్ (పరికరం), డింగ్ (వస్తువు), మెన్ష్ (మనిషి), ఓర్ట్ (చోటు), ఈ నాలుగు మాటలూ జేబులో పెట్టుకుంటే దేన్నయినా మొదలుపెట్టొచ్చు. ఎలా ఉంటుంది, ఎక్కడ ఉంటుంది, దేనికి వాడతారు, ఈ మూడూ చెబితే ఎదుటివాడే పేరు అందిస్తాడు.

2. కూడదు వేరు, అక్కర్లేదు వేరు. "డూ ముస్ట్ హొయ్‌టె నిష్ట్ కొమ్మెన్" అన్న వాక్యం చూడగానే ఇంగ్లీషు బుర్రకి మస్ట్ నాట్ గుర్తొస్తుంది, "రాకూడదు" అని అర్థం చేసుకుంటాం. తప్పు. దానర్థం "ఇవాళ నువ్వు రానక్కర్లేదు". రాకూడదు అనాలంటే "డార్ఫ్‌స్ట్ నిష్ట్". తెలుగులో ఈ రెంటికీ విడివిడి మాటలున్నాయి, పసిపిల్లలు కూడా కలగలపరు. ఇంగ్లీషులోంచి వెళ్ళబట్టే మనకి ఈ తికమక. రీడింగ్‌లో నియమనిబంధనలు ఇచ్చి ప్రశ్నలడిగే భాగంలో నిషేధించారా, అవసరం లేదన్నారా అన్న తేడా మీదే మార్కు పోవచ్చు.

3. అయినా, పడుతున్నా. ఓప్‌వోల్, ట్రొట్స్‌డేమ్ రెండూ ఒకటేనని జాబితాల్లో పక్కపక్కన రాసిస్తారు. ఒకదాని చోట ఇంకొకటి పెడితే వాక్యం తలకిందులవుతుంది. తెలుగులో చూడండి. "వాన పడుతున్నా నడకకి వెళ్తాను", ఇది ఓప్‌వోల్: "ఓప్‌వోల్ ఎస్ రేగ్నెట్, గేయె ఇష్ ష్పత్సీరెన్." "వాన పడుతోంది. అయినా నడకకి వెళ్తాను", ఇది ట్రొట్స్‌డేమ్: "ఎస్ రేగ్నెట్, ట్రొట్స్‌డేమ్ గేయె ఇష్ ష్పత్సీరెన్." ఒకటి వానకి అతుక్కుంటుంది, రెండోది నడకకి అతుక్కుంటుంది. వైల్, డెస్‌హాల్ప్ జంట కూడా ఇంతే. "ఇష్ బ్లైబె త్సు హౌజె, వైల్ ఇష్ క్రాంక్ బిన్" అన్నా, "ఇష్ బిన్ క్రాంక్, డెస్‌హాల్ప్ బ్లైబె ఇష్ త్సు హౌజె" అన్నా భావం ఒకటే: ఒంట్లో బాలేదు, ఇంట్లోనే ఉంటాను. వైల్ వస్తే క్రియ చివరికి పోతుంది. మన క్రియ ఎప్పుడూ చివరే కదా, మనకి ఇందులో బెంగ దేనికి?

4. పేపరు హెడ్డింగు, ఇంట్లో మాట. "వర్షం కారణంగా మ్యాచ్ రద్దు" అని పేపర్లో చదివి ఇంట్లో ఏం చెబుతాం? "వాన పడింది, అందుకని మ్యాచ్ ఆపేశారు" అంటాం. జర్మన్‌లోనూ అంతే. "వేగెన్ డెస్ రేగెన్స్" అంటే పేపరు భాష, "వైల్ ఎస్ రేగ్నెట్" అంటే ఇంటి భాష. బీ2లో పాఠం మొదటి తరహాలో, ప్రశ్న రెండో తరహాలో వస్తుంటాయి. రోజూ ఈనాడులో ఐదు హెడ్డింగులు ఇంటి మాటల్లోకి మార్చి చూడండి, చెయ్యి తిరుగుతుంది.

5. తలుపు తెరుచుకోవట్లేదు. "మన్ కన్ డీ ట్యూర్ నిష్ట్ ఎఫ్‌నెన్", తలుపు తెరవలేం. "డీ ట్యూర్ లెస్ట్ జిష్ నిష్ట్ ఎఫ్‌నెన్", తలుపు తెరుచుకోవట్లేదు. ఈ లెస్ట్ జిష్ అనే శాల్తీని చూసి ఇంగ్లీషు మీడియం వాళ్ళు జడుసుకుంటారు. మనకేమో ఆ "కో" ఇంట్లో పుట్టినదే.

6. తోటలో ఆడుకుంటున్న కుర్రాడు. బీ2 దాటాక "డేర్ ఇమ్ గార్టెన్ ష్పీలెండె యుంగె" లాంటివి ఎదురవుతాయి. ఇంగ్లీషులో ఈ వరసలో చెప్పడం కుదరదు. తెలుగులో మాట వెనక మాట అదే వరస: తోటలో, ఆడుకుంటున్న, కుర్రాడు. దీన్ని విప్పి "డేర్ యుంగె, డేర్ ఇమ్ గార్టెన్ ష్పీల్ట్" అని రాయగలిగితే పారాఫ్రేజ్ అయిపోయినట్టే.

7. పర్యాయపదాలతో జాగ్రత్త. బెకొమ్మెన్, ఎర్‌హాల్టెన్, క్రీగెన్ మూడింటికీ అర్థం "అందుకోవడం, పొందడం" లాంటిదే. కానీ ఎర్‌హాల్టెన్ ఆఫీసు మాట, క్రీగెన్ స్నేహితుల మధ్య మాట. టీచరుకి రాసే ఉత్తరంలో క్రీగెన్ పెడితే "మాస్టారూ, మీ మెయిలు వచ్చిపడింది" అన్నట్టుంటుంది. దూ, జీ తేడా మన నువ్వు, మీరు లాంటిదే, ఇది కూడా తెలుగోడికి ఒకరు చెప్పక్కర్లేదు. ఒక మాట తీసి ఇంకో మాట పెట్టడమే పారాఫ్రేజ్ అనుకుంటే నా "కోర్సు" ఉత్తరం గతే పడుతుంది.

అన్నట్టు, మార్చాక సరిచూసుకోవడం మర్చిపోకండి. మనం రీఫ్యాక్టరింగ్ చేసినప్పుడు కోడ్ ఎంత మార్చినా టెస్టులన్నీ పాసవ్వాలి కదా. ఇక్కడా నాలుగు టెస్టులు: ఎవరు, ఎప్పుడు, ఎంత, అవునా కాదా. "నిష్ట్ ఆల్లె" (అందరూ కాదు) అన్నదాన్ని "నీమండ్" (ఎవరూ కాదు) చేసేస్తే టెస్టు ఫెయిల్. "ఫాస్ట్" అంటే వేగంగా అనుకుంటే కూడా ఫెయిల్, దానర్థం దాదాపు.

మీరు అనబోయేవి నాకు తెలుసు

"ఇంత చెబుతున్నావ్, బట్టీ అస్సలు వద్దా?" కొంత కావాలి. డేర్, డీ, దాస్‌లకి తెలుగు సాయం చెయ్యదు, అవి నోటికి రావాల్సిందే. ఉత్తరం మొదలూ చివరా రాసే మర్యాద మాటలు కూడా నేర్చుకోండి. గుమ్మమూ పైకప్పూ రెడీమేడ్ తెచ్చుకోవచ్చు. లోపల కాపురం మాత్రం మనమే చెయ్యాలి.

"సొంతంగా రాస్తే తప్పులొస్తాయి." వస్తాయి. రానివ్వండి. ఒక విభక్తి తప్పితే కొంత మార్కు పోతుంది. అడిగింది రాయకపోతే అంతా పోతుంది. నాకు 52 వచ్చిన ఉత్తరంలో వ్యాకరణం తప్పులు పెద్దగా లేవండీ, అదే విచిత్రం.

"ఇప్పుడు ఏఐ ఉందిగా, ఒక్క సెకనులో ఏ వాక్యాన్నయినా నాలుగు రకాలుగా రాసిపెడుతుంది." పెడుతుంది. నేనూ వాడతాను, నేను రాశాక సరిచూసుకోవడానికి. దాని చేత ముందే రాయించుకుని అది బట్టీ కొడితే, పాత పీడీఎఫ్‌కీ దీనికీ తేడా ఏముంది? యాభై లెటర్ల బదులు ఐదొందలవుతాయి, అంతే. పరీక్ష హాల్లోకి ఫోన్ రానివ్వరు. చలిలో వణికే అమ్మ పక్కన ఫోన్ ఉన్నా, అవతలివాడు మనం టైపు చేసేదాకా ఆగడు.

"ఆఫీసులో ఇంగ్లీషేగా, ఇదంతా ఎందుకు?" ఆఫీసు ఎనిమిది గంటలు. మిగతా పదహారు గంటలు డాక్టరు, ఇంటి ఓనరు, పిల్లల బడి, టికెట్ చెకింగ్ ఆయన. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఉంటారు, అవసరమైన రోజు మాత్రం వాళ్ళు సెలవులో ఉంటారు :)

ఇంకోటి, ఇది మీరు అనరు, నేనే అంటున్నా. మనకి సిగ్గు. "కిటికీ కింద వస్తువు" అనడానికి సిగ్గు. టీమ్ లీడునై ఉండి చిన్నపిల్లాడిలా మాట్లాడాలా అని. ఆ రాత్రి నాకు అడ్డం వచ్చింది పదాల కొరత ఒక్కటే అనుకుంటే అబద్ధమే. నాలుగు చిన్న మాటలు నోట్లో ఉన్నా, పెద్ద మాట కోసం డిక్షనరీ తెరిచాను. వదినకి ఆ భేషజం లేదు, అందుకే హీటింగ్ వచ్చింది.

రోజుకి పావుగంట

ఆ తర్వాత నేను చేసింది చాలా చిన్న పని. డాయిష్ వెల్లె వాళ్ళు మెల్లగా చదివే వార్తలుంటాయి. ఒక్క వార్త విని, చదివి, మూసేసేవాణ్ణి. దాని తాత్పర్యం తెలుగులో రెండు వాక్యాల్లో పైకి చెప్పేవాణ్ణి. ఆ తెలుగుని నాకు వచ్చిన జర్మన్ మాటల్లో మళ్ళీ చెప్పేవాణ్ణి, వార్తలో వాడిన పెద్ద మాటలు వాడకుండా. చివర అసలుతో పోల్చి ఆ నాలుగు టెస్టులూ చూసుకునేవాణ్ణి. మొదటి వారం నరకం. ఒక వాక్యానికి ఐదు నిమిషాలు పట్టేది. నెల తిరిగేసరికి నోరు విచ్చుకుంది.

ఆదివారాలు మా కొలీగ్ వాళ్ళింట్లో ఆట. పదాల జాబితాలోంచి ఒక చీటీ తీసి, ఆ మాట అనకుండా జర్మన్‌లో వర్ణించాలి, మిగతావాళ్ళు కనిపెట్టాలి. చిన్నప్పటి పొడుపుకథల్లాగే. వదిన చేతిలో ఇప్పటికీ ఓడిపోతూనే ఉన్నాను. 2025లో బీ2 రాశాను, ఒక్క లెటరు కూడా బట్టీ కొట్టకుండా. రైటింగ్‌లో వచ్చిన మార్కులు 78 కంటే తక్కువే! 71. కానీ ఆ 71 నావి.

కోచింగ్ సెంటర్ల మాస్టార్లకి ఒక్క మాట. మీకు భాష వచ్చు, పిల్లలకి ఏం కావాలో కూడా తెలుసు. యాభై లెటర్లు పంచే గంటలో ఒక్క వాక్యం బోర్డు మీద రాసి, "దీన్నే ఇంకో నాలుగు రకాలుగా చెప్పండర్రా" అని అడగండి. ఫీజు అంతే తీసుకోండి, ఎవరూ కాదనరు.

ఇక మా వాడికి. ఒరేయ్, కోపం తగ్గితే రేపు రాత్రి తొమ్మిదిన్నరకి (నీ టైములో) ఫోన్ చెయ్యి. పీడీఎఫ్ పంపను. రోజూ పావుగంట కూర్చుందాం. మొదటి ప్రశ్న ఇప్పుడే ఇస్తున్నా: మీ ఇంట్లో కుక్కర్ పాడైంది, కుక్కర్‌ని జర్మన్‌లో ఏమంటారో నీకు తెలీదు. షాపువాడికి ఎలా చెబుతావ్? డిక్షనరీ చూశావంటే చూసుకో!